ఖరగ్‌పూర్ తెలుగు గొంతులు: క్యాసెట్టు నుంచి కంప్యూటరు దాకా

హౌరా నుంచి దక్షిణానికీ పడమటికీ సాగే రైలుమార్గాలు చీలే కూడలి ఖరగ్‌పూర్. 1,072 మీటర్ల పొడవు గల ఇక్కడి ప్లాట్‌ఫారం, 2013లో గోరఖ్‌పూర్ ప్లాట్‌ఫారం వినియోగంలోకి వచ్చేవరకు, ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా ప్రసిద్ధి పొందింది. పాఠ్యపుస్తకాలకు ఎక్కిన ఈ విశేషంతో పాటు, అంతగా పుస్తకాలకు ఎక్కని మరొక విశేషం ఈ పట్టణానికి ఉంది. పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోని ఈ రైలు పట్టణంలో నాలుగు తరాలకు పైగా తెలుగు వినిపిస్తున్నది.

ఇక్కడి తెలుగు ప్రధానంగా విని నేర్చుకున్న తెలుగు. ఊరిలో తెలుగు బోధించే బడులు ఉన్నప్పటికీ, ఉద్యోగానికీ ఉన్నత విద్యకూ హిందీ, బెంగాలీ, ఇంగ్లీషు భాషలే దారి చూపుతాయి. అందువల్ల తెలుగు మాట్లాడగలిగి తెలుగు లిపి చదవలేనివారు ప్రవాసాంధ్ర కుటుంబాలలో తరతరానికీ పెరగడం సహజం. అటువంటి సమాజపు చరిత్రకు కాగితం ఒక్కటే ఆధారం కాజాలదు. దాని జ్ఞాపకంలో పెద్ద భాగం గొంతులలోనే ఉంటుంది. ఆ గొంతులలో కొన్ని క్యాసెట్లకు ఎక్కాయి. ఆ క్యాసెట్లను నేటి కంప్యూటరు ఫైళ్లుగా, నష్టం లేకుండా, చిక్కు లేకుండా మార్చుకోవడం ఎట్లాగన్నది చూపుకు సాంకేతిక ప్రశ్న. నిజానికి అది చరిత్ర రచనకు సంబంధించిన ప్రశ్న.

రైలుతో వచ్చిన భాష

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే సంస్థ పంతొమ్మిదో శతాబ్ది చివర ఖరగ్‌పూర్‌ను తన ముఖ్య కూడలిగా ఎంచుకున్నది. హౌరా - ఖరగ్‌పూర్ మార్గం 1900లో ప్రారంభమైంది. వాల్తేరు - కటక్ మధ్య గల తూర్పు తీర మార్గం 1902లో ఇదే సంస్థ ఆధీనంలోకి వచ్చింది. నాటి గంజాం, విశాఖపట్నం జిల్లాల పల్లెలకూ బెంగాలులోని ఈ కర్మాగారానికీ మధ్య ఒకే యాజమాన్యపు రైలుమార్గం ఏర్పడిందన్నమాట. ఉత్తరాంధ్ర నుంచి శ్రామికులు ఈ దారినే తరలివచ్చారు. వర్క్‌షాపులో, లోకోషెడ్డులో, యార్డులో వారి చెమట పారింది. నింపురా, మథురాకాఠీ, ఓల్డ్ సెటిల్‌మెంట్, గోల్‌బజార్ వంటి పేటల నడుమ వారి జీవితం అల్లుకున్నది.

ఈ పట్టణపు కార్మికోద్యమంలోనూ తెలుగువారి పాత్ర గణనీయమైనది. బరంపురంలో జన్మించి, తరువాతి కాలంలో భారత రాష్ట్రపతి పదవిని అలంకరించిన శ్రీ వరాహగిరి వేంకటగిరి బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మిక సంఘానికి నాయకత్వం వహించారు. 1927 నాటి ఖరగ్‌పూర్ సమ్మె దేశ కార్మిక చరిత్రలో పేర్కొనదగిన ఘట్టం. ఆ సమ్మెను గురించి ప్రభుత్వ నివేదికలు, పత్రికా వార్తలు తెలియజేస్తాయి. కాని వర్క్‌షాపు గేటు వద్ద నిలబడిన ఒక ఫిట్టరు, తన ఇంటి తెలుగులో, తన యాసలో ఏమనుకున్నాడన్నది ఆ నివేదికలలో వినిపించదు.

యాస అన్నది చిన్న విషయం కాదు. ‘ఏమిటి’కి బదులు ‘ఏటి’ అనడం, పిల్లవానిని ‘గుంటడు’ అనడం ఉత్తరాంధ్ర నుడికారంలో ప్రసిద్ధం. పలుకు సాగదీత, వాక్యం చివర స్వరపు మలుపు లిపికి లొంగవు. శ్రీకాకుళం ప్రాంతంలో జన్మించి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా పనిచేసిన శ్రీ గిడుగు వేంకట రామమూర్తి (1863-1940) భాషకు ప్రమాణం ప్రజల నోటనే ఉన్నదని జీవితాంతం వాదించారు. లిపి లేని సవర భాషను ఆ భాషీయుల నోట విని నేర్చి దానికి వ్యాకరణ నిఘంటువులు కూర్చారు. ఆయన చెవి చేసిన పనిని నేడు ధ్వనిముద్రణ చేయగలదు. ఒక నూరేళ్లు బెంగాలీ, హిందీ, ఒడియా భాషల నడుమ నిలిచిన ఉత్తరాంధ్ర తెలుగు ఎట్లా మారిందో, ఏది నిలుపుకొన్నదో తెలిపే సాక్ష్యం ఖరగ్‌పూర్ వృద్ధుల మాటలోనే దొరుకుతుంది.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా ప్రతిపత్తి కల్పించాలని నిర్ణయించింది. ఈ నిర్ణయానికి ఖరగ్‌పూర్ తెలుగువారి ఉనికే ప్రధాన కారణం. అధికారికమైన ఈ గుర్తింపు భాషకు గౌరవం తెచ్చింది. ఆ భాష పలికిన గొంతులను భద్రపరచడం మాత్రం సమాజం చేసుకోవలసిన పనిగానే మిగిలి ఉన్నది.

మైనం, లక్క, టేపు

ధ్వనిని ఒక రూపం నుంచి మరొక రూపానికి మార్చడం కంప్యూటరుతో పుట్టిన పని కాదు. ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫును కనిపెట్టాడు. గ్రామఫోన్ కంపెనీ పక్షాన ఫ్రెడ్ గైస్‌బర్గ్ 1902 నవంబరులో కలకత్తా వచ్చి గౌహర్ జాన్ గానాన్ని రికార్డు చేశాడు. గాయని గొంతు మొదట మైనపు పలక మీద గీతగా పడేది. ఆ పలక ఓడలో జర్మనీలోని హనోవర్ చేరేది. అక్కడ దాని నుంచి లోహపు అచ్చు తీసి, ఆ అచ్చుతో రికార్డులు ఒత్తి తిరిగి భారతదేశానికి పంపేవారు. 1908 నాటికి కలకత్తాలోని సియాల్దాలోనే రికార్డుల కర్మాగారం వెలిసింది. తరువాత దమ్‌దమ్‌లో పెద్ద కర్మాగారం ఏర్పడింది. ఛోటా నాగపూర్ అడవుల లక్క ఆ రికార్డులకు ముడిసరుకు. తెలుగునాట మోగిన హిజ్ మాస్టర్స్ వాయిస్ రికార్డులు చాలాకాలం బెంగాలులో ఒత్తినవేనన్నది ఈ సందర్భంలో గుర్తుంచుకోదగిన సంగతి.

గ్రియర్సన్ నాయకత్వాన జరిగిన భారత భాషా సర్వేక్షణలో భాగంగా 1913 నుంచి 1929 వరకు దేశంలోని అనేక భాషల పలుకుబడులను గ్రామఫోన్ రికార్డులపైకి ఎక్కించారు. ఆ రికార్డులు తరువాత కంప్యూటరు ఫైళ్లుగా మారి, నేడు పరిశోధకులు ఎక్కడినుంచైనా వినగలిగే స్థితికి చేరాయి. ప్రభుత్వం పూనుకుంటే తప్ప మామూలు మనిషి మాట రికార్డుకు ఎక్కని కాలమది.

ఆ పరిస్థితిని మార్చినది క్యాసెట్టు. ఫిలిప్స్ కంపెనీ 1963లో దానిని ప్రవేశపెట్టింది. 1980ల నాటికి అది భారతదేశంలో మధ్యతరగతి ఇంటికి చేరింది. సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో, రెండు వైపులా కలిపి గంటసేపు నడిచే ఒక క్యాసెట్టులో సుమారు 86 మీటర్ల సన్నని టేపు ఉంటుంది. ఆకాశవాణి కార్యక్రమం, హరికథ, బుర్రకథ, పెండ్లిపాట, పండుగనాటి భజన, దూరాన ఉన్న కొడుకుకు తల్లి పంపిన మాట - ఏదైనా దానికి ఎక్కేది. వేల రూపాయల యంత్రం, నిపుణుడు, స్టూడియో అవసరం లేకుండా సామాన్యుడు తన గొంతును తానే దాచుకోగలిగిన మొదటి సాధనం అదే.

అయితే క్యాసెట్టుకు రెండు లోపాలున్నాయి. ఒక క్యాసెట్టు నుంచి మరొక క్యాసెట్టుకు ప్రతి తీసినప్పుడల్లా బుసశబ్దం పెరుగుతుంది, పలుకు మసకబారుతుంది. మూడవ, నాలుగవ ప్రతికి మాట పోల్చుకోవడమే కష్టమవుతుంది. రెండవది వాతావరణం. బెంగాలు వర్షాకాలపు తేమకు టేపుపై బూజు పడుతుంది. టేపు చెడకున్నా దానిని నడిపే యంత్రాలు, వాటిని బాగుచేసే పనివారు కరువవుతున్నారు. యునెస్కో, అంతర్జాతీయ ధ్వని, దృశ్య భాండాగారాల సంఘం కలిసి 2019లో అయస్కాంత టేపుల విషయమై ప్రపంచవ్యాప్త హెచ్చరిక చేశాయి. టేపులను విరివిగా వినగల కాలం 2025 ప్రాంతానికే ముగియవచ్చునని నిపుణులు అంచనా కట్టారు. ఆ గడువు రానే వచ్చింది.

అంకెలుగా మారిన ధ్వని

కంప్యూటరు ధ్వనిని అంకెల వరుసగా దాచుకుంటుంది. సెకనుకు ఎన్ని నమూనాలు తీసుకుంటారు, ఒక్కొక్క నమూనాను ఎన్ని బిట్లతో కొలుస్తారు అన్న రెండింటిపై నాణ్యత ఆధారపడుతుంది. 1982లో వచ్చిన కాంపాక్ట్ డిస్కు సెకనుకు 44,100 నమూనాలు, నమూనాకు 16 బిట్లు వాడుతుంది. చారిత్రక ధ్వనుల భద్రతకు సెకనుకు 96,000 నమూనాలు, 24 బిట్లు ఉత్తమమని భాండాగారాల సంఘం సూచించింది. ఈ కొలతతో స్టీరియో ధ్వని గంటకు 2.07 గిగాబైట్లు అవుతుంది.

ఫైళ్ల రూపాలు మూడు విధాలు. అంకెలను ఉన్నవి ఉన్నట్లు దాచేది వేవ్ ఫైలు. అంకె ఒక్కటి కూడా పోకుండా మడతపెట్టి దాచేది నష్టరహిత రూపం. 2001లో వచ్చిన ఫ్లాక్ ఇందుకు ఉదాహరణ. చెవికి అంతగా తెలియదని లెక్కవేసిన భాగాన్ని తీసివేసి చిన్నదిగా చేసేది నష్టసహిత రూపం. 1990లలో వ్యాపించిన ఎంపీ త్రీ ఇందులో ప్రసిద్ధమైనది. ఎంపీ త్రీ నుంచి తిరిగి వేవ్ ఫైలు చేసినా పోయినది రాదు. ఎంపీ త్రీ నుంచి మరొక ఎంపీ త్రీ తీస్తే, క్యాసెట్టు నుంచి క్యాసెట్టుకు ప్రతి తీసిన నాటి కథే పునరావృతమవుతుంది. కాబట్టి మూలప్రతిని నష్టం లేని రూపంలో కదపకుండా ఉంచి, వినడానికీ పంచడానికీ కావలసిన చిన్న ప్రతులను ప్రతిసారీ ఆ మూలం నుంచే తీయాలన్నది మొదటి నియమం.

వరుస పని

ఒక సంఘం వద్ద గంట నిడివి గల 300 క్యాసెట్లు ఉన్నాయనుకుందాం. వాటిని యంత్రంపై వినిపిస్తూ కంప్యూటరులోకి ఎక్కించడానికి 300 గంటలు పడుతుంది. రోజుకు ఆరు గంటల చొప్పున 50 రోజులు. ఈ కాలాన్ని ఏ ఉపాయమూ తగ్గించదు, తగ్గించనూ కూడదు. టేపు నడుస్తున్నంతసేపూ ఒక మనిషి చెవి దాని మీద ఉండాలి. ఫలితంగా వచ్చే 600 ఫైళ్లు, అంటే క్యాసెట్టుకు రెండు వైపులు, 622 గిగాబైట్ల చోటు ఆక్రమిస్తాయి. వీటిని ఫ్లాక్ రూపానికి మారిస్తే సాధారణంగా సగం నుంచి మూడింట రెండు వంతుల చోటు చాలును. సెకనుకు 128 కిలోబిట్ల ఎంపీ త్రీ ప్రతులైతే మొత్తం 17 గిగాబైట్లకు కాస్త మించి అవుతుంది. ఒక చిన్న పెన్‌డ్రైవులో సరిపోతుంది.

ఈ రెండవ దశను చేత్తో చేయబూనితే ఒక్కొక్క ఫైలును తెరిచి, రూపం ఎంచి, పేరు పెట్టి, దాచాలి. ఫైలుకు మూడు నిమిషాలనుకున్నా ముప్పై గంటల పని. అంతకంటె పెద్ద ప్రమాదం, నాలుగు వందలవ ఫైలు వద్ద అలసిన చేయి ఒక మీట తప్పు నొక్కి మూలప్రతినే చెరిపివేయడం.

ఖరగ్‌పూర్ వారికి దీనికి పరిష్కారం కొత్తగా తోచనక్కరలేదు. మరమ్మతుకు వచ్చిన పెట్టెలు వర్క్‌షాపులో వరుసగా నిలుస్తాయి. ప్రతి పెట్టెకూ అవే పనులు అదే క్రమంలో జరుగుతాయి. జరిగిన పని పుస్తకంలోకి ఎక్కుతుంది. తప్పిన పెట్టె పక్కకు జరుగుతుంది. కంప్యూటరులో ఈ క్రమాన్ని ఒకసారి రాసి పెట్టే ఆజ్ఞల పత్రాన్ని షెల్ స్క్రిప్టు అంటారు. షెల్ అన్నది మనిషి ఇచ్చిన ఆజ్ఞను అందుకొని యంత్రానికి అందించే మధ్యవర్తి. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్ 1971లో యూనిక్స్ వ్యవస్థకు మొదటి షెల్‌ను రాశాడు. 1979లో స్టీఫెన్ బోర్న్ రాసిన షెల్, 1989లో బ్రయాన్ ఫాక్స్ రాసిన బ్యాష్ దానికి వారసులు. ధ్వనిని మార్చే పనిముట్లు సాక్స్ 1991లోను, ఎఫ్ఎఫ్ఎంపెగ్ 2000లోను మొదలయ్యాయి. ఇవన్నీ నేడు వెల లేకుండా లభిస్తాయి.

స్క్రిప్టు నిర్మాణం

చక్కని స్క్రిప్టు ఇరవై ముప్పై పంక్తులకు మించనక్కరలేదు. దాని వరుస ఇది. మొదట మూలప్రతుల ఫోల్డరులోని ఫైళ్ల జాబితా తీసుకుంటుంది. మూలాన్ని చదవడమే గాని దానిలో రాయడం దానికి నిషిద్ధం. ప్రతులు వేరొక ఫోల్డరులోకి పోతాయి. ఒక్కొక్క ఫైలుకూ కొత్త ప్రతి ఇదివరకే ఉన్నదేమో చూస్తుంది. ఉంటే దాటిపోతుంది, లేకుంటే మార్పు చేస్తుంది. నడుమ కరెంటు పోయి పని ఆగినా, మరల మొదలుపెట్టినప్పుడు మిగిలిన చోటినుంచే సాగడానికి ఇదే ఉపాయం.

ఇందులో ఒక మెలకువ ఉంది. కరెంటు పోయిన క్షణాన సగం తయారైన ఫైలు ఫోల్డరులో మిగులుతుంది. మరునాడు స్క్రిప్టు దానిని చూసి పూర్తయినదనుకొని దాటిపోతుంది. ఆ క్యాసెట్టు రెండవ సగం లేదన్న సంగతి ఏళ్ల తరువాత గాని బయటపడదు. అందువల్ల ప్రతిని మొదట తాత్కాలిక నామంతో తయారుచేయించి, మార్పు సవ్యంగా ముగిసిన తరువాతనే అసలు పేరు పెట్టించాలి. సవ్యంగా ముగిసిన పని సున్నా అన్న సంకేతాన్ని తిరిగి ఇస్తుంది. మరే అంకె వచ్చినా ఆ ఫైలు పేరు తప్పుల జాబితాకు ఎక్కాలి. ఒక ఫైలు చెడినదని తక్కిన 599 ఆగకూడదు.

మరొక చిక్కు అనుభవం గలవారికి తెలిసినదే. స్క్రిప్టు జాబితా నుంచి పేర్లను ఒక్కొక్కటిగా చదువుతున్నప్పుడు, ఎఫ్ఎఫ్ఎంపెగ్ తనకేవో ఆజ్ఞలు వస్తున్నాయనుకొని ఆ జాబితానే చదివివేస్తుంది. ఫలితంగా కొన్ని ఫైళ్లు ఏ ఫిర్యాదూ లేకుండా జారిపోతాయి. ఆ పనిముట్టుకు జాబితా వైపు చూడవద్దని ముందే చెప్పి ఉంచాలి. పని ముగిసిన తరువాత మూలప్రతుల సంఖ్యనూ కొత్త ప్రతుల సంఖ్యనూ సరిపోల్చాలి.

వేగం సంగతి. నేటి సామాన్య కంప్యూటరులో సైతం నాలుగు లేదా అంతకు మించి గణన కేంద్రాలు ఉంటాయి. ఒకదాని వెంట ఒకటిగా కాక నాలుగు ఫైళ్లను ఒకేసారి మార్పుకు పెడితే కాలం దాదాపు నాలుగోవంతుకు తగ్గుతుంది. అయితే అన్ని ఫైళ్లూ ఒకే డిస్కు నుంచి రావాలి గనుక, డిస్కు అందించగల వేగానికి మించి ఎన్ని పనులను కలిపి పెట్టినా ప్రయోజనం ఉండదు. 600 ఫైళ్లనూ ఒక్కసారిగా వదలక, మొదట మూడింటిని మార్చి చెవితో విని సరిచూసుకున్నవారే చివరకు త్వరగా ముగిస్తారు.

చివరిగా ప్రతి మూలప్రతికీ ఒక సరిపోల్చు సంఖ్య లెక్కించి పుస్తకంలో ఉంచాలి. ఫైలులో ఒక్క బిట్ మారినా ఈ సంఖ్య మారిపోతుంది. పదేళ్ల తరువాత డిస్కు మార్చినప్పుడు, నాటి గొంతు నేటికీ చెక్కుచెదరలేదని నిరూపించే సాక్ష్యం ఇదే.

పేర్ల సమస్య

తెలుగు ఫైళ్లకు ప్రత్యేకమైన ఇబ్బందులు రెండున్నాయి. మనవారు ఫైలుకు పేరు పెట్టేటప్పుడు మాటల మధ్య ఖాళీ వదులుతారు. షెల్ ఆ ఖాళీ వద్ద పేరును తుంచి ఒక ఫైలును రెండనుకుంటుంది. పేరును ఎల్లప్పుడూ కొటేషన్ గుర్తుల నడుమ ఉంచితే ఈ పొరపాటు రాదు.

రెండవది నిడివి. తెలుగు లిపికి 1991 నుంచి యూనికోడ్‌లో స్థానం ఉన్నది. తెలుగులో పేర్లు పెట్టుకోవడానికి ఆటంకం లేదు. కాని కంప్యూటరు దృష్టిలో ‘శ్రీకాకుళం’ నాలుగక్షరాలు కాదు. హల్లు, పొల్లు, గుణింతపు గుర్తు, సున్న విడివిడిగా లెక్కకు వచ్చి అవి పది గుర్తులవుతాయి. గుర్తుకు మూడు బైట్ల వంతున ముప్పై బైట్లు పడతాయి. లినక్స్ వ్యవస్థలో ఫైలు పేరుకు 255 బైట్లు మాత్రమే పరిమితి. అంటే 85 తెలుగు గుర్తులు. గాయకుని పేరు, కథ పేరు, ఊరు, పేట, తేదీ అన్నీ పేరులోనే ఇరికించబోతే పరిమితి దాటుతుంది. కాబట్టి ఫైలుకు క్యాసెట్టు సంఖ్య, వైపు మాత్రమే పేరుగా పెట్టి, తక్కిన వివరాలన్నీ ఆ సంఖ్యకు ఎదురుగా పట్టికలో రాయడం మేలు. గ్రంథాలయాలు తాళపత్రాలకు అనుసరించిన పద్ధతి కూడా ఇదే.

మిగిలిన బాధ్యత

ఖరగ్‌పూర్‌కు ఒక విశేష యోగం ఉంది. 1931 సెప్టెంబరు 16న కాల్పులలో ఇద్దరు రాజకీయ ఖైదీలు నేలకొరిగిన హిజ్లీ నిర్బంధ శిబిరంలోనే 1951లో దేశపు మొదటి ఐఐటీ ప్రారంభమైంది. దేశానికంతటికీ ఉద్దేశించిన జాతీయ డిజిటల్ గ్రంథాలయాన్ని ఆ సంస్థయే నిర్మించింది; అది 2018 జూన్‌లో జాతికి అంకితమైంది. కలకత్తాలోని జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో పాత ధ్వనిముద్రణలను భద్రపరిచే విభాగం ఉన్నది. కంప్యూటరు విద్యకు పుట్టినిల్లు వంటి పట్టణంలోనే, రైలుపట్టాలకు అవతల పేటలలో, నూరేళ్ల తెలుగు పలుకుబడి ఉన్నది. ఈ రెండింటినీ కలపడానికి పెద్ద నిధులు అక్కరలేదు. ఒక క్యాసెట్టు యంత్రం, ఒక మామూలు కంప్యూటరు, ముప్పై పంక్తుల స్క్రిప్టు, ఓపిక గల ఇద్దరు యువకులు చాలును.

అయితే స్క్రిప్టు చేయలేని పని ఒకటున్నది. 600 ఫైళ్లను అది ఒక రాత్రిలో మార్చగలదు గాని, వాటిలో పాడుతున్నది ఎవరో, ఆ పాట ఏ ఊరి నుంచి వచ్చినదో, నడుమ నవ్విన పిల్ల ఎవరో చెప్పలేదు. పట్టికలో ఆ గడులు నింపగలవారు ఆ గొంతులను ఎరిగిన పెద్దలు మాత్రమే. టేపులకు కాలపరిమితి ఉన్నట్లే వారి జ్ఞాపకానికీ ఉన్నది. మార్చిన ప్రతులను వరుసగా వినిపిస్తూ వారి చేత చెప్పించి రాసుకున్నప్పుడే ఈ ఫైళ్లు చరిత్రకు ఆధారాలవుతాయి. లేకపోతే అవి ఎవరివో తెలియని శబ్దాలుగా మిగిలిపోతాయి.

గంజాం, విశాఖపట్నం జిల్లాల పల్లెల నుంచి రైలెక్కి వచ్చిన మొదటి తరం తమ గొంతును దాచుకోగల సాధనం లేకుండానే గతించింది. వారి మనుమలకు క్యాసెట్టు దొరికింది. ఆ మనుమల పిల్లల చేతిలో నేడు కంప్యూటరు ఉన్నది. యంత్రానికి అప్పగించగల శ్రమను యంత్రానికి అప్పగించి, పెద్దల ఎదుట కూర్చుని వినే పనిని తాము చేపట్టవలసినది వారే.